రెండు శాతం నొప్పి

మా మ్యూజియంలో కుర్చీలకు కొదవలేదు. కూర్చోవడానికే లేదు.

మెట్లెక్కగానే ఎడమచేతి వైపున ఆసనాల గది. అందులో ఒక జమీందారు గారి సింహాసనం ఉంది. దాని రెండు చేతులకూ సింహాల తలలున్నాయి; ఒక సింహానికి ముక్కు లేదు. గోదావరి మీద లాంచీలో తిరిగిన ఎవరో దొరగారు మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన పడక్కుర్చీ ఉంది. రాణీగారి ఉయ్యాలబల్ల, సంగీతం మేష్టారి పీట, వెనక్కి వాలితే కూలిపోయే పాత కోర్టు కుర్చీ, ఇలా పాతిక పైచిలుకు ఉన్నాయి. ప్రతిదాని ముందూ ఒక ఎర్ర తాడు, తాడుకు ఒక బోర్డు. బోర్డు మీద ‘దయచేసి కూర్చోరాదు’ అని ఉంటుంది. దయచేసి కూర్చోరాదంటే దయ లేకుండా కూర్చోవచ్చా అని ఒక తెలుగు పండితులు సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్లారు. జవాబు కోసం పై కార్యాలయానికి పంపాం. రావాల్సి ఉంది.

ఆ గదికి కాపలా మంగతాయారు. వయసు యాభై దాటింది. భర్త పోయాక ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా కుర్చీల మధ్య నిలబడి, వాటిలో ఎవరూ కూర్చోకుండా చూడటం ఆమె పని. తను కూడా కూర్చోకూడదు. ‘పరిచారకులు విధి నిర్వహణ సమయమందు నిలువబడియే యుండవలెను’ అని నిబంధన. ఎప్పుడో ఒక పరిచారకుడు ఆ సింహాసనంలోనే కూర్చుని కునుకు తీస్తే, చూడవచ్చినవాళ్లు మైనపు బొమ్మ అనుకుని బుగ్గ గిల్లారట. అతను కెవ్వుమన్నాడు. సందర్శకుల్లో ఒకాయన మూర్ఛపోయాడు. నిబంధన అప్పుడు పుట్టింది.

నేను అక్కడ హెడ్ క్లర్కుని. నాకు నిబంధనలంటే గౌరవం. కుర్చీలో కూర్చుని చదివితే అవి చాలా సబబుగా కనిపిస్తాయి.

ఒకరోజు మంగతాయారు నా బల్ల దగ్గరికి వచ్చింది. వచ్చిందంటే, ఆ కుర్చీ వీపూ ఈ బీరువా అంచూ పట్టుకుని చేరింది.

“హెడ్డు గారూ, నాకో స్టూలిప్పించండీ. రోజల్లా నుంచుంటే పిక్కలు పీకేత్తన్నాయండీ. రెండేళ్ల నుంచీ ఇదే వరస. రాత్రులు నిద్దరుండట్లేదు. ఇలాగే ఉంటే ఉజ్జోగం మానుకుని ఇంట్లో కూచోవాలండీ. కూచుంటే తిండెవరు పెడతారండీ?”

అడిగింది స్టూలే. పదవి కాదు. నేను దరఖాస్తు రాసిచ్చాను. ‘కాళ్ల తీపులు విపరీతముగా ఉన్నందున’ అని మా వైపు మాటే రాశాను. తీపులంటే నొప్పులని ఎవరికి తెలియదు?

పై కార్యాలయానికి తెలియదు. నెల తిరక్కుండా సమాధానం వచ్చింది. సదరు ఉద్యోగిని కాళ్లు తీపిగా ఉన్న విషయం గమనించామనీ, తీపి అనునది బాధల కోవలోనికి రాదనీ, అయినను మానవతా దృక్పథంతో ఆమెకు చక్కెర పరీక్ష చేయించవలసిందనీ రాశారు. చేయించాం. చక్కెర లేదు. కాళ్లు తీపిగా లేవని తేలినందున విషయం ముగిసినట్లు భావించామన్నారు.

“లేదన్నారు గదండీ. మరి స్టూలు?” అంది మంగతాయారు.

“తీపులు లేనప్పుడు స్టూలెందుకంటున్నారు.”

ఆమె మళ్లీ బీరువా అంచు పట్టుకుని వెళ్లిపోయింది.

ఈ విషయం ఇక్కడితో ఆగిపోయేదే, మా క్యూరేటర్ పరాంకుశం గారు రాజధానికి వెళ్లకపోతే. కంచు విగ్రహాలకు చిలుము పట్టకుండా కాపాడే విధానాల మీద అక్కడ మూడు రోజుల సదస్సు. పక్క హాల్లో డాక్టర్ల సదస్సు. మధ్యాహ్నం భోజనాలు డాక్టర్ల వైపు బాగున్నాయట. పరాంకుశం గారు అటు వెళ్లారు. భోంచేసినవాళ్లు లేచి రావడం మర్యాద కాదు కాబట్టి ఉపన్యాసం కూడా విన్నారు.

తిరిగొచ్చిన రోజే మమ్మల్నందర్నీ పిలిచారు. ఆయన మామూలుగా మాట్లాడినా శిలాశాసనం చదువుతున్నట్టుంటుంది.

“సిబ్బంది అంతా సావధానంగా ఆలకించవలసింది. దీర్ఘకాలిక నొప్పులతో బాధపడువారి కండరాలకు రక్తప్రసరణ సక్రమంగా జరగదు. తత్కారణంగా ప్రాణవాయువు చాలదు. కావున నొప్పి అనగా ప్రాణవాయువు కొరత. ఇన్ని శతాబ్దాలుగా మానవాళి నొప్పిని నొప్పి అనుకుంటూ వచ్చింది. అది సరఫరా సమస్య.”

మేం ఆలకించాం. నిలబడే ఆలకించాం.

ఆ వారం నుంచి మ్యూజియం స్వరూపం మారింది. కిటికీలన్నీ తెరిపించారు. ప్రాణవాయువుతో పాటు పావురాలు కూడా వచ్చాయి. కంచుకు ప్రాణవాయువు పడదు కాబట్టి విగ్రహాల గది కిటికీలు మాత్రం మేకులు కొట్టించి, అక్కడ మిగిలిన ప్రాణవాయువును సిబ్బంది వాడుకోవాలని ఆదేశించారు. ఎలా వాడుకోవాలో చెప్పలేదు. విగ్రహాల గది కాపలాదారు రోజూ పొద్దున్నే లోపలికి వెళ్లి బలంగా ఊపిరి పీల్చి, బయటికి వచ్చి వదిలేవాడు. గేటు దగ్గర కొత్త బోర్డు వెలిసింది: ‘సందర్శకులు లోపల ప్రాణవాయువును మితముగా వాడవలెను.’ కోనసీమ నుంచి వ్యాను కట్టించుకుని వచ్చిన భజన బృందాన్ని ఆ బోర్డు చూపించే ఆపాం. వాళ్లు పాడబోమని హామీ ఇచ్చారు. తాళాలు గేటు దగ్గర వదిలేసి వెళ్లమన్నాం. ఒకాయన లోపలికెళ్లి రాణీగారి ఉయ్యాలబల్ల చూసి ఉండబట్టలేక ఒక చరణం అందుకున్నాడు. పరాంకుశం గారు స్వయంగా వెళ్లి ఆయన నోరు మూయించారు.

ఈ హడావుడిలో మంగతాయారు దరఖాస్తు క్యూరేటర్ గారి కంట పడింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఊళ్లో అందరికీ నొప్పులున్నాయి గానీ, కాగితం మీద ఉన్న నొప్పి ఇదొక్కటే.

ఆమెను గదిలోకి పిలిపించారు. రాసుకోవడానికి నన్నూ రమ్మన్నారు.

“నొప్పి ఏ స్వభావము గలది?”

“పీకేత్తాదండీ.”

“ఎవరు పీకుతారు?”

“ఎవరూ పీకరండీ. దానంతటదే పీకుద్దండీ.”

“స్వయంచాలకం,” అన్నారు నాతో. రాసుకున్నాను. “ఇంకా?”

“లాగుతాయండీ. ఓ పక్క లాగుతా ఉంటే ఇంకోపక్క సలుపండీ. మద్దేన్నం దాటితే తిమ్మిరెక్కి మొద్దుబారిపోతాయండీ. సాయంత్రానికి పట్టేత్తాయండీ.”

“ఎవరిని?”

“పిక్కలండీ.”

“పిక్కలను ఎవరు పట్టుకున్నారు?”

మంగతాయారు నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూసుకున్నాను. ‘పిక్కలు గుర్తు తెలియని కారణముచే స్వాధీనపరచుకొనబడుచున్నవి’ అని రాశాను. ఇప్పటికీ నా రాతలో నాకు నచ్చిన వాక్యం అదే.

“మాటలు శాస్త్రానికి అక్కరకు రావు,” అని పరాంకుశం గారు సొరుగులోంచి ఒక చిన్న క్లిప్పు తీశారు. బట్టలారేసినప్పుడు తీగకు పెట్టే క్లిప్పంత ఉంటుంది. వేలికి తగిలిస్తే రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అంకె చూపిస్తుంది. మంగతాయారు చూపుడువేలికి తగిలించారు. తొంభై ఎనిమిది వచ్చింది.

ఆమె మొహంలో ఆశ కనిపించింది. పాపం, మార్కులు ఎక్కువొస్తే మంచిదనుకుంది.

“నూటికి తొంభై ఎనిమిది,” అన్నారు పరాంకుశం గారు. “అనగా తొంభై ఎనిమిది శాతం మేరకు నీకు నొప్పి లేదు.”

“ఉందండీ బాబూ.”

“ఉంది. కాదనటంలేదు. రెండు శాతం ఉంది. నేను అన్యాయం చేసేవాణ్ని కాదు. ఆ రెండు శాతాన్ని పూర్తిగా గుర్తిస్తున్నాను.”

ఆ సాయంత్రం నాకూ ఆయనకూ చర్చ జరిగింది. రెండు శాతం నొప్పికి పూర్తి స్టూలు ఇస్తే ఆడిట్ వాళ్లు పట్టుకుంటారు. రెండు శాతం స్టూలు ఇద్దామంటే, నాలుగు కాళ్ల స్టూలులో రెండు శాతానికి ఒక కాలు కూడా రాదు. వడ్రంగిని పిలిచి అడిగాం. అంత స్టూలంటే పేడులే వస్తాయన్నాడు. చివరికి పని గంటల్లో రెండు శాతం, అంటే పది నిమిషాలకు కాస్త తక్కువ, గోడకు ఆనుకోవడానికి అనుమతిస్తూ ఉత్తర్వులిచ్చాం. ఆసనాల గది గోడల మీద రంగుల పురాతన చిత్రాలున్నాయి, ఒరిపిడి తగలకూడదు. అందుచేత గోడకు కాకుండా గుమ్మానికి ఆనుకోవాలని సవరణ ఉత్తర్వు ఇచ్చాం. గుమ్మంలో ఆనుకుంటే సందర్శకులకు దారి ఉండదు. కనుక సందర్శకులు లేనప్పుడు ఆనుకోవాలి. సందర్శకులు లేనప్పుడు ఆ గదికి తాళం వేయాలని ఇంకో నిబంధన ఉంది. దాన్నెలా సర్దాలో నాకిప్పటికీ పాలుపోలేదు.

ఉత్తర్వు చదివి వినిపించాను. మంగతాయారు అంతా విని, “అంటే లేదనేగా హెడ్డు గారూ,” అంది.

నాకు సిగ్గేసింది. ఇరవై వాక్యాల్లో మేం దాచిన మాటను ఆమె ఒక్క ముక్కలో బయటపెట్టింది.

ఆ తర్వాత డాక్టర్ హేమనళిని గారు వచ్చారు. పెద్దాసుపత్రిలో నొప్పుల విభాగం ఆవిడది. మంగతాయారు సెలవు పెట్టి చూపించుకోవడానికి వెళితే, ‘రెండు శాతం నొప్పి’ అన్న మా ఉత్తర్వు చూసి, అలాంటిది రాసిన మనిషిని చూడాలనిపించి వచ్చారట. పిక్కకు పట్టీలా కట్టే ఒక పరికరం కూడా తెచ్చారు.

“క్యూరేటర్ గారూ, వేలి క్లిప్పు రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చెబుతుంది. అది పిక్క కండలోకి ఎంత చేరుతోందో చెప్పదు. గోదాములో బియ్యం నిండుగా ఉన్నాయని, వీధి చివర ఇంట్లో అన్నం ఉడికిందని రాసేస్తామా?”

“సరఫరా సమస్య,” అన్నారు పరాంకుశం గారు సంతోషంగా. “నేను మొదటి నుంచీ అదే చెబుతున్నాను.”

“మనిషి కదలకుండా గంటల తరబడి నిలబడితే పిక్కల్లో రక్తం నిలిచిపోతుంది. అసలే నొప్పి ఉన్న కండకు మరీ కష్టం. ఈ పట్టీ కండలో సంగతి కొంత చెబుతుంది. అయితే ఒకటి. ఇందులో అంకె బాగున్నంత మాత్రాన నొప్పి లేదని కాదు. కొందరికి అంకెలన్నీ బాగుంటాయి, నొప్పీ ఉంటుంది. ఆవిడ చెబుతోంది కదా, అది వినండి.”

“వింటాం. ముందు కొలవండి.”

పరికరంతో వచ్చిన సూచనల పుస్తకం పరాంకుశం గారు అడిగి తీసుకున్నారు. రాతప్రతి చూసినట్టు భూతద్దం పెట్టి చదివారు. అందులో ‘కొలతకు ముందు వ్యక్తి పావుగంట సేపు ప్రశాంతముగా కూర్చుండవలెను’ అని ఉంది. కూర్చోబెట్టాలంటే ఆసనం కావాలి. సిబ్బందికి ఆసనం ఇవ్వడానికి వీల్లేదు గానీ పరికరానికి విడిభాగం కొనడానికి అడ్డేమీ లేదు. ‘పరీక్షా పరికరమునకు అనుబంధము, చెక్కది, నాలుగు కాళ్లది, ఒకటి’ అని నేను కాగితం పెట్టాను. రెండో రోజుకల్లా వేప చెక్క స్టూలు వచ్చింది. మంగతాయారు మొదటి నుంచీ అడుగుతున్నది అదే. నొప్పి ఉన్నవాళ్ల కోసం రాని స్టూలు నొప్పిని కొలవడం కోసం వచ్చింది.

ఆమె కూర్చుంది. పావుగంట ప్రశాంతంగా కూర్చుంది. అంత ప్రశాంతత నేను ఆ గదిలో ఎన్నడూ చూడలేదు. ఆమె కళ్లు మూసుకుంది. ఆ తర్వాత, మళ్లీ వచ్చిన డాక్టరు గారు పట్టీ కట్టి చూస్తే అంకె చక్కగా వచ్చింది.

“చూశారా,” అన్నారు పరాంకుశం గారు.

“ఇది కూర్చున్నాక కదండీ. నాలుగు గంటలు నిలబెట్టి అప్పుడు చూడండి.”

“నిలబడి ఉండగా కొలిస్తే కొలత చెల్లదు. పుస్తకంలో ఉంది. చెల్లాలంటే కూర్చోవాలి. కూర్చుంటే నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి కూర్చోనక్కరలేదు.”

డాక్టరు గారు ఆయన్నే చూశారు. రోగిని చూసినట్టే చూశారు. తర్వాత చీటీ తీసి, గంటకోసారి కాసేపు కూర్చోవాలి, లేచి నాలుగడుగులు నడవాలి, స్టూలు తప్పనిసరిగా ఇవ్వాలి అని రాసిచ్చారు.

“వైద్యులు మందు రాయవలెను గానీ ఫర్నిచరు రాయరాదు,” అని పరాంకుశం గారు ఆ చీటీ మీద వ్యాఖ్య రాసి నాకిచ్చారు. డాక్టరు గారు పరికరం సంచిలో పెట్టుకుని, మంగతాయారు భుజం తట్టి వెళ్లిపోయారు.

ఇక పరాంకుశం గారికి పట్టుదల పెరిగింది. ఒక డాక్టరు వచ్చి తన లెక్క తప్పందంటే పై కార్యాలయం ఏమనుకుంటుంది? మంగతాయారుకు నొప్పి లేదని తిరుగులేకుండా రుజువు చేయాలని సంకల్పించారు. ఒక్క కొలత చాలదు, గంటగంటకూ కొలవాలన్నారు. గంట కొట్టగానే ఆమె స్టూలు మీద పావుగంట ప్రశాంతంగా కూర్చోవాలి. కూర్చున్నాక క్లిప్పు పెట్టుకుని అంకె చూసుకోవాలి. లేచి, వరండా పొడుగునా నడిచి, నా బల్ల దగ్గర అంకె చెప్పి తిరిగి వెళ్లాలి. ఆ పావుగంటా ఆమెను ఎవరూ పలకరించకూడదు. ప్రశాంతతకు భంగం.

ఎంత కఠినమైన ఉత్తర్వో చూడండి. గంటకు పావుగంట కూర్చోవడం, తర్వాత నడవడం. డాక్టరు గారు రాసిచ్చిందీ, మేం కొట్టేసిందీ అచ్చంగా అదే. నేనది గమనించాను. గమనించి నోరు మూసుకున్నాను. మా ఉద్యోగాల్లో దీన్నే సేవ అంటారు.

మొదటి రోజుల్లో మంగతాయారు గోడ పట్టుకుని నా బల్ల దాకా వచ్చేది. “తొంబై ఎనిమిదండీ,” అని చెప్పి మెల్లగా వెళ్లేది. దసరా దాటేసరికి గోడ వదిలేసింది. కార్తీకమాసంలో ఒకరోజు అంకె చెప్పాక అక్కడే నిలబడి, “హెడ్డు గారూ, రాత్రి నిద్దరట్టిందండీ. తెల్లారేదాకా మెలకువ రాలేదు. నేను లేవలేదని మా కోడలు కంగారు పడిపోయిందండీ,” అని నవ్వింది. ఆమె పళ్లు అంత బాగుంటాయని నాకు తెలియదు. నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

ఆ మాట ఎవరు చేరవేశారో, క్యూరేటర్ గారికి తెలిసింది.

“తగ్గిందా?” అన్నారు ఆమెను పిలిపించి.

“ఆయ్. శానా మట్టుకు తగ్గిందండీ. మీ చలవేనండీ.”

“నా చలవ కాదు. కొలత చలవ. కొలవగా కొలవగా నొప్పి తగ్గును. ఇది ప్రపంచానికి తెలియాలి.”

ప్రపంచానికి తెలియజేసే సభ ఆ పై నెలలోనే పెట్టారు. మా మ్యూజియాన్ని ‘నొప్పిరహిత ప్రదర్శనశాల’గా ప్రకటించడం ఆనాటి విశేషం. ముఖ్య అతిథి వచ్చారు గానీ మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కలేకపోయారు. రిబ్బనును కారు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అద్దం దించి కత్తిరించారు. సభికులు గంటన్నర నిలబడి విన్నారు; కుర్చీలన్నీ తాళ్ల వెనక ఉన్నాయి కదా. పరాంకుశం గారికి శాలువా కప్పారు. మంగతాయారును వేదిక మీదికి పిలిచి, ‘ఈమెయే ఆ నొప్పి లేని మహిళ’ అని చూపించారు. ఆమె బిడియపడుతూ దణ్ణం పెట్టింది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. నొప్పి సమూలంగా నిర్మూలన అయినందున పరీక్షలు ఆపివేయడమైనది. పరీక్షలు లేనందున పరీక్షా పరికర అనుబంధం అవసరం తీరినది. అయినను, ఒక మహత్తర విజయానికి సాక్షిగా నిలిచిన ఆ వస్తువును పారవేయుట భావితరాలకు ద్రోహం కాగలదు. కావున దానిని ఆసనాల గదిలో, సింహాసనమునకు కుడివైపున భద్రపరచవలసింది.

భద్రపరిచాం. వేప చెక్క స్టూలుకు వార్నిషు వేయించి, చుట్టూ ఎర్ర తాడు కట్టి, బోర్డు పెట్టాం. ‘నొప్పి నివారణ పీఠము. దయచేసి కూర్చోరాదు.’

మంగతాయారు ఆ పక్కనే నిలబడింది. ఇప్పుడు కాపలా కాయాల్సిన ఆసనాల్లో ఒకటి ఎక్కువైంది.

సంక్రాంతి ముగ్గులు చెరగక ముందే ఆమె మళ్లీ గోడ పట్టుకుంది. నేను కొత్త దరఖాస్తు రాసి, ఈసారి తీపులన్న మాట రాయకుండా, నేనే తీసుకెళ్లి క్యూరేటర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, నిజంగానే బాధపడ్డారు.

“ఇది నొప్పిరహిత ప్రాంగణం. ఇక్కడ నొప్పి ఉండటం ప్రకటనకు విరుద్ధం. ఆమెకు నొప్పి వస్తే ఇంటి దగ్గర రావాలి. ఇక్కడ రావడానికి వీల్లేదు.”

“ఇక్కడ నిలబడటం వల్లే వస్తోందండీ.”

“అలాగైతే, తగ్గినట్టు మనం ప్రకటించినదేమిటి?”

దరఖాస్తు నాకే తిరిగిచ్చారు. జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను. ఆమెకు ఏం చెప్పాలో తెలియక ఆసనాల గది దాకా వెళ్లి గుమ్మం బయటే ఆగిపోయాను.

లోపల ఒక పెద్దావిడ ఉంది. నేత చీర, చేతిలో గుడ్డ సంచి, నడకలో రెండు మోకాళ్లూ బయటికి వంగి ఉన్నాయి. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. గదంతా చూసింది. అన్ని కుర్చీల్లోకీ సాదాగా, మనుషులు కూర్చునేదానిలా కనిపించింది స్టూలే. దాని దగ్గరికి వచ్చి తాడు మీద చెయ్యేసింది.

“అమ్మాయ్, చిటికెడు సేపు కూచోవచ్చా?”

“కూచోకూడదండీ. బోర్డుందండీ.”

“ఇదెవరిదే తల్లీ, రాణీగారిదా?”

“కాదండీ. నాదేనండీ. నేను కూచునేదాన్నండీ.”

పెద్దావిడ స్టూలును చూసింది. మంగతాయారు గోడకానించిన చేతిని చూసింది.

“మరి లేచి నుంచున్నావేం?”

“నాకు నొప్పులు తగ్గిపోయాయంటండీ,” అంది మంగతాయారు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, ఏడుపూ లేదు. ఊళ్లో ఎవరి గురించో విన్న కబురు చెప్పినట్టు చెప్పింది. నా జేబులో దరఖాస్తు కరకరలాడింది.

పెద్దావిడ బరువుగా ఊపిరి వదిలి, మోకాలి మీద చెయ్యి ఆనించుకుంది. మంగతాయారు ఆవిడ మోకాళ్ల వైపు చూసింది. వరండా వైపు చూసింది. నేను తలుపు చాటుకు జరిగాను. ఆమె తాడు కొక్కెం తీసి పక్కన పెట్టి, కొంగుతో స్టూలు తుడిచింది.

“కూచోండి. వేలిలా పెట్టండి.”

ఆమె మెడలో గది తాళంచెవితో పాటు దారానికి ఆ క్లిప్పు వేలాడుతూనే ఉంది. దాన్ని తిరిగి జమ చేయమని ఎవరూ ఉత్తర్వివ్వలేదు. క్లిప్పు తీసి పెద్దావిడ వేలికి తగిలించింది.

“ఇదేంటే?”

“పరీచ్చండీ. ముందు పావుగంట పెశాంతంగా కూచోవాలండీ. పుస్తకంలో ఉందండీ.”

సరిగ్గా అప్పుడే పరాంకుశం గారు వరండాలో వస్తున్నారు. నేను తలుపు చాటున ఇంకాస్త ఒదిగాను. ఆయన గుమ్మంలో ఆగారు. ఎర్ర తాడు తీసి ఉండటం చూశారు, స్టూలు మీద మనిషిని చూశారు. నోరు తెరిచారు. అంతలో క్లిప్పు కనబడింది. ఆయన మొహం మెత్తబడింది.

“ఎంత వచ్చింది?” అన్నారు గుసగుసగా.

“ఇంకా చూల్లేదండీ. పావుగంట అవలేదు గదండీ.”

“మంచిది. ప్రశాంతతకు భంగం కలగనీయకు,” అని, బూట్లు చప్పుడు కాకుండా మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లిపోయారు.

పెద్దావిడ కాళ్లు చాపుకుంది. మోకాళ్లు నిమురుకుంది. గోదావరి అవతలి నుంచి వచ్చాననీ, మనవరాలు రాణీగారి ఉయ్యాలబల్ల చూసి రమ్మందనీ చెప్పింది. ఆయాసం తీరాక లేచింది. వేలికున్న క్లిప్పును అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“మరి నిన్నెవరు పరీక్ష చేస్తారే?”

మంగతాయారు తల అడ్డంగా ఊపింది. పెద్దావిడ క్లిప్పు తన వేలి నుంచి తీసి మంగతాయారు వేలికి పెట్టింది. రెండు భుజాలూ పట్టుకుని, చిన్నపిల్లను కూర్చోబెట్టినట్టు స్టూలు మీద కూర్చోబెట్టింది.

“కూచో. పావుగంట దాకా లేవకు. ఎవరూ కుర్చీలెత్తుకుపోకుండా నేను చూత్తాలే,” అని, గుడ్డ సంచి చంకన పెట్టుకుని ఉయ్యాలబల్ల వైపు నడిచింది.

నేను జేబులో ఉన్న దరఖాస్తు చింపి చెత్తబుట్టలో వేసి నా బల్ల దగ్గరికి వచ్చాను. నిబంధన ప్రకారం పరీక్ష పూర్తయ్యాక అంకె నాకు చెప్పాలి. ఆ ఫలితం ఇంతవరకూ మా సెక్షనుకు అందలేదు; అందేదాకా పరీక్ష ముగియనట్టే. నేనూ అడగలేదు.